కంచయు, కళాశాలయు

తొలకరి చినుకు పడినది మొదలు జంటనగరముల కళాశాలలయందు మొక్కలు నాటు నుత్సవములు ప్రారంభమగుట మన మందఱ మెఱిగినదే. సికిందరాబాదునందలి యే కళాశాలకు బోయినను ఆ దినములలో నొక్కటే దృశ్యము: ప్రధానాచార్యులవారు, ఒక యధికారి, ఒక ప్రజాప్రతినిధి, చేతిలో నీళ్ళచెంబు, ఎదుట ఛాయాచిత్రకారుడు. 1950వ సంవత్సరమున మున్షీగారు కేంద్రమంత్రిగా నుండి వనమహోత్సవమును దేశమునకు వాడుక చేసిన నాటినుండియు నీ యాచారము సాగుచున్నది. 2015 జులైలో తెలంగాణ ప్రభుత్వము హరితహారమను పేర దీనిని మఱింత పెద్దయెత్తున జరిపించినది. మంచి పనియే, మేము తప్పుపట్టము. కాని వైశాఖమాసపు టెండలలో అదే యావరణమునకు మఱల బోయి, నాటినవానిలో నెన్ని బ్రతికినవని యడుగువా రెందఱు? నిరుడు గుంత త్రవ్విన చోటనే యీయేడును గుంత త్రవ్వుటయు, నిరుటి యెండుపుల్లను పెఱికి క్రొత్తమొక్కను నిలుపుటయు నరుదైన విషయములు కావు. నిజమైన లెక్క తోటమాలి కొక్కనికే తెలియును. అతనిని వేదికమీదికి బిలిచిన కళాశాలను మేమింతవఱకు చూడలేదు.

ఇటీవలి కాలమున దీనికి దోడు మఱియొక లెక్క వచ్చినది. విద్యాసంస్థలకు శ్రేణులు నిర్ణయించు నాక్ మండలివారు తమ యేడవ ప్రమాణమునందు పర్యావరణ పరిరక్షణకు స్థానమిచ్చినారు. వాననీటి నిల్వకు నేర్పాటు గలదా, సౌరవిద్యుత్తు గలదా, ఎల్‌ఇడి దీపములు గలవా, చెత్తను వేఱుచేయుచున్నారా, హరిత తనిఖీ జరిపించితిరా యని యందు ప్రశ్నలు. ప్రశ్నలు యుక్తమైనవే. వాని పుణ్యమున పెక్కు కళాశాలల డాబాలమీదికి సౌరఫలకములు వచ్చినవి, భోజనశాలల వెనుక నెరువుగుంతలు వెలసినవి. అయినను ఒక ప్రశ్న యా పట్టికలో నుండవలసినంత పెద్దదిగా లేదు. ఆ విద్యాలయము వచ్చుటకు బూర్వమునుండియు నచ్చట నున్న చెట్టు, బండ, కుంట, వాగు ఇప్పటికిని నున్నవా? ఉన్నచో రేపు నుండునని యెవరైన పూచీపడుచున్నారా?

ఈ ప్రశ్నను 2025వ సంవత్సరమున హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు విద్యార్థులు దేశము నెదుట నిలిపిరి. అది విశ్వావసు నామ సంవత్సర యుగాది. మార్చి 30, ఆదివారము. మఱునాడు రంజాను పండుగ. కచేరీలు లేవు, న్యాయస్థానములు లేవు. ఇంటింట పచ్చడి కలుపుకొను దినమున కంచ గచ్చిబౌలిలోని నాలుగువందల యెకరములలోనికి బుల్‌డోజరులు వరుసగట్టి ప్రవేశించినవి. అడ్డువచ్చిన విద్యార్థులను పోలీసులు పదులకొలదిగా పట్టి వాహనములలో నెక్కించిరి. రాత్రివేళలయందును దీపములు వేసికొని యంత్రములు పనిచేసినవి. ఆ చీకటిలో నెమళ్ళు వేసిన కేకలు ఫోనులద్వారా దేశమంతట వినవచ్చినవి. ఏప్రిలు 2వ తేదీన రాష్ట్ర హైకోర్టు మఱునాటి వఱకు పని యాపుమన్నది. 3వ తేదీన సుప్రీముకోర్టు తనంత తానుగా విషయమును చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రారును స్థలమునకు బంపి, ఆ దినముననే నివేదిక తెప్పించుకొని, మఱి యొక్క చెట్టును గూడ కొట్టరాదని యుత్తరువు చేసినది. అప్పటికే సుమారు నూఱెకరములు చదునైపోయినవి. వరుస సెలవులలో నింత తొందర యేల కలిగినదని న్యాయమూర్తు లడిగిన ప్రశ్నకు సంతృప్తికరమైన ప్రత్యుత్తరము మా కెచ్చటను గానరాలేదు.

ఈ సందర్భమున కృత్రిమమేధచే గల్పింపబడిన చిత్రములు కొన్ని వ్యాపించినవని ప్రభుత్వమువా రాక్షేపించిరి. అట్టివి వ్యాపించిన మాట నిజమే. వానిని వ్యాపింపజేసినవారు సత్యపక్షమునకే చెఱుపు చేసిరి. కాని రిజిస్ట్రారుగారు కన్నులార జూచి వ్రాసిన నూఱెకరములు కల్పితములు కావు. అచ్చట నగపడిన జింకలును, నెమళ్ళును కల్పితములు కావు. తెలంగాణ రాష్ట్రము తనకు రాష్ట్రజంతువుగా నెన్నుకొన్నది జింకనే యని వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ భూమి చరిత్రను కొంచెము వివరింపవలసియున్నది. ఏలన, వాదమంతయు కాగితములమీదనే నడచినది. 1969లో తెలంగాణమునను, 1972లో ఆంధ్రప్రాంతమునను చెలరేగిన యుద్యమములలో నెందఱో యువకులు ప్రాణములు గోల్పోయిన పిమ్మట, 1973 సెప్టెంబరున ఆఱు సూత్రముల పథకము కుదిరినది. హైదరాబాదున నొక కేంద్ర విశ్వవిద్యాలయమును నెలకొల్పుట యా సూత్రములలో నొకటి. అందులకై రాజ్యాంగమును సవరించి 371-ఇ అను నధికరణమును జేర్చిరి. 1974లో పార్లమెంటు చట్టము చేసినది. అబిడ్సునందలి సరోజినీదేవిగారి గృహమగు గోల్డెన్ థ్రెషోల్డునందు తరగతులు మొదలైనవి. నగరమునకు పడమట, నాడు జనసంచారము పలుచనైన గచ్చిబౌలియందు సుమారు 2,300 ఎకరములను ప్రభుత్వము విశ్వవిద్యాలయమునకు జూపినది. చూపినదేకాని సంపూర్ణమైన హక్కుపత్రము వ్రాసి యీయలేదు. ఎకరము పొలమును కౌలున కిచ్చు రైతుకూడ నాలుగు మాటలు కాగితముమీద బెట్టుకొనును. అన్నదమ్ములు పంచుకొనునప్పుడు గట్టువెంట నడచి హద్దురాళ్ళు పాతుకొందురు. రాజ్యాంగమును సవరించి తెచ్చుకొన్న విద్యాపీఠమునకు మాత్రము హద్దురాయి లేకపోయినది. దీనికి ఢిల్లీ ప్రభుత్వమును, రాష్ట్ర ప్రభుత్వమును, విశ్వవిద్యాలయాధికారులును కలిసియే యుత్తరవాదులు.

హక్కుపత్రము లేని భూమి యెట్లు తఱుగునో మన పాఠకులకు జెప్పవలసిన పనిలేదు. క్రీడాప్రాంగణమున కింత, బస్సు డిపోకు కొంత, మఱియొక విద్యాసంస్థకు మఱికొంత. ఒక్కొక్కటిగా జూచిన నన్నియు ప్రజోపయోగములే. 2004లో నాలుగువందల యెకరములను ఐఎంజి భారత యను క్రీడాసంస్థ కప్పటి యుమ్మడి రాష్ట్రప్రభుత్వ మొసగినది. 2006లో తరువాతి ప్రభుత్వము దానిని రద్దుచేసినది. వ్యాజ్యము దాదాపు రెండు దశాబ్దములు సాగి, 2024 మార్చిలో హైకోర్టునందును, మే నెలలో సుప్రీముకోర్టునందును ప్రభుత్వమునకు జయమైనది. వెంటనే యా భూమి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థకు బదలాయింపబడినది. పరులపాలు గాకుండ భూమిని గెలిచి తెచ్చినందులకు ప్రభుత్వము నభినందింపవలసినదే. అయితే యా వ్యాజ్యమున దేలినది క్రీడాసంస్థకును ప్రభుత్వమునకును నడుమ భూమి యెవరిదను విషయము మాత్రమే. ఆ నేలపై నేమున్నది, దానిని జదును చేయవచ్చునా యను విచారణ యందు జరుగలేదు. గెలుపును చేతబట్టుకొని విశ్వవిద్యాలయమును సరిగా సంప్రదింపకయే హద్దులు నిర్ణయింపబడినవని విశ్వవిద్యాలయాధికారులే 2025 మార్చి 31న బహిరంగముగా బ్రకటింపవలసివచ్చినది.

అది యడవి కాదనియు, రెవిన్యూ రికార్డులలో నట్లు లేదనియు ప్రభుత్వపక్షమువారి వాదము. సర్వే నంబరు 25, కంచ గచ్చిబౌలి యని రికార్డు. మంచిది, రికార్డులో నున్న యా మాటనే చూతము. కంచ యన నేమి? తెలంగాణపు పల్లెలలో భూవసతి గల యే కుటుంబము నడిగినను జెప్పును. కంచ యనగా బీడు కాదు, పాడుపడిన నేల కాదు. పశువులకై కంపకొట్టి కాపాడుకొన్న గడ్డిభూమి యది. దానికి గావలివాడు గలడు, కాలనియమము గలదు. గడ్డి గింజపట్టి రాలువఱకు పశువును లోనికి విడువరు. వంటచెఱకునకు కంపయు, నాగలికి కొయ్యయు, బాలింతకు మందాకును అచ్చటినుండియే వచ్చెడివి. కరవు వచ్చిన యేట దున్నిన చేను చేయియిచ్చినను కంచ చేయి యీయలేదని వృద్ధులు చెప్పుదురు. సర్కారు భాషలో కంచ, గైరాను, పోరంబోకు, బంజరు అన్నియు నొకే వరుసలో జేరి, శిస్తు రాని భూమి గనుక విలువలేని భూమియను నర్థము స్థిరపడినది. శిస్తువసూలు చేయు దొరతనమున కది సహజము. ప్రజాప్రభుత్వమునకు గూడ నదే నిఘంటువా?

ఇక నా నేలపై నున్నదేమి? హైదరాబాదు చుట్టునున్న నల్లఱాతి గుట్టలు ఇన్నూటయేబది కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ బండల నడుమ నిలిచిన పలుచని మన్నులో మోదుగ, రేల, తునికి, బలుసు, చండ్ర, సీతాఫలము, తంగేడు స్వయముగా మొలచి పెరిగినవి. ఎవరును నాటినవి కావు, ఎవరును నీరుపోసినవి కావు. ఎత్తైన చెట్లు గానరావు గనుక పట్టణవాసుల కంటి కది తుప్పల దిబ్బగా దోచును. కాని యీ దక్కను పీఠభూమికి దేవు డిచ్చిన యడవి యిదియే. మలబారు సీమయందలి మహారణ్యము లిచ్చట పెరుగవు. ఆ ఆవరణమున పక్షులు రెండువందల జాతులకు పైగా గనబడినవి. నక్షత్రపు తాబేళ్ళు గలవు. అచ్చటనే మొట్టమొదట గుర్తింపబడిన యొక సాలెపురుగు జాతికి శాస్త్రజ్ఞులు హైదరాబాదు పేరునే పెట్టిరి. వానకాలమున బండలమీద బడిన నీరు పగుళ్ళవెంట లోనికి దిగి, పొదల వ్రేళ్ళ నానుకొని నిదానముగా జాఱి, దిగువ కుంటలలోను, బావులలోను ఊటగా బయలుపడును. ఆ మన్నును దొలగించి, బండలను బ్రద్దలుకొట్టి, తారుపోసిన పిమ్మట అదే వాన గడియలోపల వీధిమీద వరదయగును. 1908 సెప్టెంబరు 28న మూసీ చేసిన ప్రళయమును తాతలు చెప్పగా విన్నవారమే. 2020 అక్టోబరున కాలనీలు మునిగినప్పుడు కన్నులార గూడ జూచితిమి.

సికిందరాబాదు వారికి గచ్చిబౌలి గొడవ యేల యందురేమో. మన సీతాఫలమండి పేరును ఒకమాఱు తలచుకొనవలయును. చుట్టుప్రక్కల గుట్టలనుండియు కంచలనుండియు గంపలకొలది సీతాఫలములు వచ్చి దిగిన బజారు గనుకనే దాని కాపేరు. పండు వచ్చిన గుట్టలెచ్చట? పేరు మిగిలినది, చెట్టు పోయినది. దాని ప్రక్కనే యున్న తార్నాకకు, తోట చుట్టును కట్టిన తీగకంచె యొద్ది నాకా యగుటచే నా పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ తోటయు లేదు. జంటనగరముల నడుమ నింకను గాలి పీల్చుకొనుటకు మిగిలినది ఉస్మానియా విశ్వవిద్యాలయ మొక్కటి. 1918లో స్థాపితమై, 1939లో నా యద్భుతమైన ఆర్ట్సు కళాశాలా భవనమును బడసిన యా విద్యాపీఠమునకు వేయి యెకరములకు బైబడిన నేల యుండుటవలననే సికిందరాబాదు తూర్పుభాగము వేసవి రాత్రులందు కొంతైన చల్లబడుచున్నది. అచ్చటను ఆక్రమణల తగవులు లేకపోలేదు. నేడు గచ్చిబౌలియందు జరిగినది రేపు అడిక్‌మెట్టునందు జరుగదని యెవరు చెప్పగలరు? 2024 ఆరంభమున రాజేంద్రనగరునందలి వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయముల భూమిలో నూఱెకరములు నూతన హైకోర్టు భవనములకై కేటాయింపబడినప్పుడు విద్యార్థులు వీధికెక్కిరి. న్యాయస్థానము పవిత్రమైనదే. అయినను ప్రతి పవిత్రకార్యమునకును విద్యాలయపు నేలయే కంటబడుట వింతగా నున్నది.

ప్రభుత్వపక్షమున జెప్పదగిన మాటలు లేకపోలేదు. నగరము పడమటికి బెరిగినది. గచ్చిబౌలి చుట్టును ఆకాశమంటు భవనములు లేచినవి. ఎకరము పదులకోట్లకు బలుకుచున్నది. ఖజానా బరువుతో గ్రుంగియున్నది. ఈ నాలుగువందల యెకరములవలన 50,000 కోట్ల రూపాయల పెట్టుబడులు వచ్చుననియు, 5 లక్షలమందికి బనులు దొఱకుననియు ప్రకటించిరి. చదివిన బిడ్డకు బని దొఱకవలయునని కోరని తలిదండ్రులెవరు? మేమును గోరుచున్నాము. కాని పనులకు గావలసినది యా నాలుగువందల యెకరములే యని యెవరు తేల్చిరి? ఇదివఱకే చదునుచేయబడి, రోడ్లు వేయబడి, కొన్నవారు కట్టక యుంచుకొన్న స్థలములు నగరము చుట్టును లేవా? ముందు వాని లెక్క తీసి ప్రజల ముందుంచిన పిమ్మట కంచ మాట యెత్తిన బాగుండెడిది. పైగా భూమిని విక్రయించి ఖర్చు గడుపుట యొక యేటి పంట వంటిది కాదు. విత్తనములు గూడ వండుకొని తినుటను ఏ గృహస్థుడును ఆదాయమని చెప్పుకొనడు.

విద్యార్థుల విషయమున నొకమాట. 1991లోనే సుప్రీముకోర్టు మెహతాగారి వ్యాజ్యమున పర్యావరణమును అన్ని తరగతులలోను పాఠ్యాంశముగా జేయవలెనని తీర్పు చెప్పినది. తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘము డిగ్రీ విద్యార్థు లందఱకును దానిని విధి చేసినది. కనుక నేడు బి.ఎ., బి.కాం. చదువు విద్యార్థి కూడ జీవవైవిధ్యమన నేమి, భూగర్భజలమెట్లు చేరును అని వ్రాసి యుత్తీర్ణుడు కావలసియున్నది. ఆ సమాధానమును పరీక్షాపత్రమున వ్రాసినచో మార్కులు. గుట్టమీద నిలిచి చెప్పినచో పోలీసు వాహనము. చదువు మాని యల్లరి చేయుచున్నారని వారిని నిందించిన పెద్దలు ఏ చదువును మానిరో యొకసారి పాఠ్యపుస్తకమును దెఱచి చూడవలసినది. అదే యేప్రిలులో ఉపముఖ్యమంత్రిగారు విద్యార్థులపై బెట్టిన కేసులను ఉపసంహరింపుడని పోలీసుల కాదేశించుట యుచితముగా నున్నది.

సుప్రీముకోర్టు అంతటితో విడువలేదు. ఏప్రిలు 16న జరిగిన విచారణమున నా నూఱెకరములను పూర్వస్థితికి దెచ్చు పథకముతో రమ్మని ప్రభుత్వమును హెచ్చరించినది. ఆగస్టు 13న సమగ్రప్రణాళికకై మఱి యాఱువారముల గడువొసగినది. ఇచ్చట మా కొక యాందోళనము కలుగుచున్నది. పూర్వస్థితి యనగానే మన యధికారులకు స్ఫురించునది వరుసగా గుంతలు త్రవ్వి, తొందరగా బెరుగు నేదో యొక పరాయి చెట్టును నాటి, లక్ష మొక్కలని లెక్క వ్రాయుట. కళాశాలల వనమహోత్సవమే పెద్దయెత్తున జరుగును. కంచ యట్లు తిరిగిరాదు. మన తెలుగునాటనే మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ విద్యాలయమున్నది. జిడ్డు కృష్ణమూర్తిగారి ప్రేరణమున 1926 మొదలుకొని యేర్పడిన యా లోయ చుట్టును కొండలు ఒకప్పుడు బోడిగా నుండినవి. మేకలను నిలిపి, నీటి కడ్డుకట్టలు వేసి, మొలచినదానిని మొలవనిచ్చి, దశాబ్దములు కాచుకొనిరి. 1991లో నది పక్షుల సంరక్షణ స్థలముగా బ్రకటింపబడినది. బోడికొండ పచ్చబడుటకు తరములు పట్టినది. కంచ బోడియగుటకు నాలుగు రాత్రులు చాలినవి. మదరాసున గిండీ యడవినుండి 1959లో ఐఐటి కిచ్చిన ఆఱువందల యెకరములలో నేటికిని కృష్ణజింకలును, చుక్కలజింకలును తరగతి గదుల ప్రక్కనే మేయుచున్నవి. విద్యకును వనమునకును పొసగదనువారికి రైలెక్కి చూచివచ్చుట కష్టము కాదు.

కనుక కంచ గచ్చిబౌలిలో చేయవలసిన మొదటి పని మొక్కలు నాటుట కాదు, చేయి తీయుట. తవ్విన మన్నును మఱల పఱచి, మురుగు రాకుండ, కసవు వేయకుండ కట్టుదిట్టము చేసి, రెండు మూడు వానకాలములు వదలివేసినచో మోదుగ మొదళ్ళు తామే చిగిర్చును. తంగేడు గింజలు నేలలోనే యున్నవి. ఏ చెట్టు ఏ చోట మొలవవలెనో నిర్ణయించు భారమును గుత్తేదారునకు గాక, ఆ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విద్యార్థుల కప్పగింపవలయును. వా రా పొదలను బేరుపేరున నెఱుగుదురు.

మన సికిందరాబాదు కళాశాలలకు వందల యెకరములు లేవు. 1862నాటి మహబూబు కళాశాల వంటివి బజారు నడుమ నిఱుకుకొని యున్నవి. వానికి కంచ లేకున్నను కప్పు గలదు. ఈ నగరమున నేటికి సుమారు ఎనుబది సెంటీమీటర్ల వాన పడును. ఒక్క యెకరము డాబామీద బడిన వాన ముప్పదిరెండు లక్షల లీటర్లు. మూడవవంతు ఆవిరియై, చిందిపోయినదనుకొన్నను, అయిదువేల లీటర్ల ట్యాంకరులు నాలుగువందలకు బైగా నిండును. ఆ నీటిని మురుగుకాలువకు విడిచి, ఏప్రిలులో ట్యాంకరులకై వాకిట నిలుచు సంస్థలకు హరిత యోగ్యతాపత్రము లెట్లు వచ్చుచున్నవో మాకు బోధపడదు. 2002నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ఇట్టి యేర్పాట్లను గోరుచునే యున్నది. మన బన్సీలాలుపేటలో నేండ్లతరబడి చెత్తతో బూడియుండిన మెట్లబావిని పౌరులును, నగరపాలకులును గలిసి శుభ్రపఱచి 2022 డిసెంబరున దెఱచిరి. నేడు దూరప్రాంతములవారు వచ్చి చూచుచున్నారు. పూడ్చి పైన వాహనశాల గట్టిన బావులు మన పాత కళాశాలల యావరణములలో నెన్ని యున్నవో విద్యార్థులచే వెదకింపవచ్చును. నాటిన మొక్కలెన్ని, బ్రతికినవెన్ని, బావిలో నీరెన్ని యడుగులు అను మూడంకెలను ప్రతి వేసవియందును ద్వారమువద్ద బలకపై వ్రాయించినచో తనిఖీదారునకును శ్రమ తగ్గును.

ఇక ప్రభుత్వమువారిని మేము కోరునది స్వల్పము. 2002నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి వారసత్వ స్థలములను బ్రకటించు నధికారము రాష్ట్రమునకు గలదు. 2016లో నమీనుపురము చెరువు నట్లు ప్రకటించి, నగరములనడుమనున్న చెరువున కట్టి గౌరవమిచ్చుటలో దేశమునకు మార్గము చూపినది మన రాష్ట్రమే. అదే కలముతో కంచ గచ్చిబౌలి నాలుగువందల యెకరములను జేర్చుట యసాధ్యము కాదు. 1996 డిసెంబరు 12నాటి గోదావర్మన్ తీర్పు ప్రకారము రికార్డులో నేమున్నను, నేలపై నడవి యున్నచో నది యడవియే. కనుక న్యాయస్థానముచే జెప్పించుకొనుటకంటె తామే ముందుగా జేయుట ప్రభుత్వమునకు గౌరవము. రెండవది, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు 1974నుండి బాకీయున్న హక్కుపత్రమును, కేంద్రప్రభుత్వముతో గూర్చుండి, హద్దురాళ్ళతో సహా వ్రాసియీయవలయును. ఉస్మానియా మొదలు రాష్ట్రమునందలి ప్రతి విశ్వవిద్యాలయపు భూమిని సర్వే చేయించి, ఎంత యుండెను, ఎంత పోయెను, ఎవరికి బోయెనను పట్టికను రాబోవు శాసనసభా సమావేశమున సభ్యుల యెదుట నుంచవలయును. శాసనసభలో చర్చించి తీర్మానించిననే తప్ప అందొక్క గుంటయైనను ఇకమీదట చేతులు మాఱరాదని చట్టము తేవలయును.